ఒట్టి గట్క చరిత్ర: కడుపుకూ మనసుకూ ఉన్న పాత చుట్టరికం

మన తెలుగు మాటల్లో ఒక విచిత్రం ఉంది. ఓర్వలేనివాడికి కడుపుమంట అంటాం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి బాధను కడుపుకోత అంటాం. ఎవరి కష్టమో చూసి కడుపు తరుక్కుపోయింది అంటాం. మేలు చేసినవాళ్లను నీ కడుపు చల్లగుండ అని దీవిస్తాం. ఇవన్నీ మనసుకు సంబంధించిన సంగతులే. అయినా మన పెద్దలు వాటిని కడుపుతోనే చెప్పారు.

ఇది మాటల అలంకారం మాత్రమే కాదు. కడుపు చెడితే మనసు కూడా చెడుతుందని డాక్టర్లు కళ్లారా చూసిన చరిత్ర ఒకటి మన తెలంగాణలోనే ఉంది. అది మన జొన్నచేల నడుమ, మనలాంటి పేద ఇళ్లలో జరిగింది. మన సంఘం స్మారక సంచికలో పాటలు, పండుగలు, వీరుల గురించి ఎప్పుడూ చదువుతూనే ఉంటాం. ఈసారి మన పళ్లెం చరిత్ర కూడా ఒకసారి చదువుకుందాం.

జొన్న తినేవాళ్ల జబ్బు

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి, గరుకుగా మారి, పొరలు పొరలుగా ఊడుతుంది. నోరు పూస్తుంది, నాలుక ఎర్రబడి మండుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ తర్వాత మనసుకు సోకుతుంది. నిద్ర పట్టదు. ఊరికే భయం, దిగులు, చిరాకు. ముదిరితే మనుషులను గుర్తుపట్టలేనంత మతిమరుపు, చివరికి చావు. చర్మం, కడుపు, మనసు మూడూ ఒకేసారి దెబ్బతినే జబ్బు ఇది.

హైదరాబాద్ ఆసుపత్రులకు 1950లు, 60లలో ఈ జబ్బుతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది జొన్న తిని బతికే పేదలు. మానసిక వైద్యశాలలో చేరినవాళ్లలోనూ పెల్లాగ్రా ఉన్నవాళ్లు కనిపించారు. ఇది మరిచిపోకూడని విషయం. మతి తప్పినవాళ్లను చూసి దయ్యం పట్టిందనీ, ఎవరో బాణామతి చేశారనీ అనడం మన పల్లెల్లో, తండాల్లో ఉంది. ఆ మాటతో ఎంతోమంది ఆడవాళ్లు అవమానాలు పడ్డారు, దెబ్బలు తిన్నారు. తిండిలో ఒక్క పోషకం తక్కువైతే మనిషి మతి తప్పగలడని తెలిసినవాళ్లు ఆ నింద వేసేముందు ఆగుతారు. ముందు ఆసుపత్రికి తీసుకుపోతారు.

అనాథాశ్రమంలో దొరికిన జవాబు

పెల్లాగ్రా మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. స్పెయిన్ దేశంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు 1735లో మొక్కజొన్న తినే పేద రైతుల్లో దీన్ని గుర్తించాడు. పెల్లాగ్రా అంటే ఇటలీ భాషలో గరుకు చర్మం అని అర్థం. 1900 తర్వాత ఇది అమెరికా దక్షిణ రాష్ట్రాలను పట్టుకుంది. 1940 నాటికి అక్కడ సుమారు 30 లక్షల మందికి ఈ జబ్బు వచ్చిందనీ, లక్ష మంది చనిపోయారనీ అంచనా. అది అంటువ్యాధి అని అందరూ నమ్మారు. జబ్బు వచ్చినవాళ్లను దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

కారణం కనుక్కోమని అక్కడి ప్రభుత్వం 1914లో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్‌ను పంపింది. ఆయన అనాథాశ్రమాలు, పిచ్చాసుపత్రులు తిరిగాడు. ఒక సంగతి ఆయన కంటపడింది. లోపల ఉండేవాళ్లకు జబ్బు వస్తోంది. రాత్రీ పగలూ వాళ్ల మధ్యే తిరిగే నర్సులకు, ఆయాలకు మాత్రం రావడం లేదు. అంటువ్యాధే అయితే వాళ్లను ఎందుకు వదిలిపెడుతుంది?

ఆయన వంటగదిలోకి వెళ్లి చూశాడు. మిసిసిపీ రాష్ట్రంలోని అనాథాశ్రమాల్లో 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకే జబ్బు ఎక్కువగా ఉంది. అంతకన్నా చిన్నవాళ్లకు పాలు దొరుకుతున్నాయి. పెద్దవాళ్లు పనికి పోతారు కాబట్టి కాస్త మాంసం దొరుకుతోంది. నడుమ వయసు పిల్లలకు మాత్రం మొక్కజొన్న పిండి, బెల్లం పాకం లాంటివే మిగులుతున్నాయి. ఆయన పిల్లలకు పాలు, గుడ్లు, మాంసం, చిక్కుడు జాతి గింజలు పెట్టించాడు. ఇంకేమీ మార్చలేదు. మరుసటి ఏడాది ఆ పిల్లల్లో జబ్బు దాదాపు లేకుండా పోయింది.

1915లో ఆయన దీన్ని మరోవైపు నుంచి కూడా రుజువు చేశాడు. శిక్ష రద్దు చేస్తామన్న మాట మీద ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులైన 11 మంది ఖైదీలకు నెలల తరబడి ఆ పేదల తిండే పెట్టాడు. వాళ్లలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. అయినా ఆయన మాట వెంటనే ఎవరూ ఒప్పుకోలేదు. జబ్బుకు కారణం క్రిమి అంటే మందు వెతికితే సరిపోతుంది. కారణం పేదరికం అంటే కూలి రేట్లు, భూమి, పంటల సంగతి మాట్లాడాల్సి వస్తుంది. అక్కడ పత్తి పంటను ఇంటి గుమ్మం దాకా వేసేవాళ్లు. నాలుగు కూరగాయల మళ్లకు, ఒక ఆవుకు కూడా జాగా మిగిలేది కాదు.

హాస్టల్ వంటగది తాళం చెవులు చేతిలో పెట్టుకుని తిరిగే మాలాంటి వాళ్లకు ఈ కథ వేరుగా వినిపిస్తుంది. నడుమ వయసు పిల్లల పళ్లెంలో ఏం తక్కువైందో చూసినవాడు ఒక జబ్బు గుట్టు విప్పాడు.

హైదరాబాద్‌లో జరిగిన పరిశోధన

1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ అనే శాస్త్రవేత్త ఆ తక్కువైన పోషకం నయాసిన్ అని తేల్చాడు. అది బి విటమిన్లలో ఒకటి. మొక్కజొన్నలో నయాసిన్ ఉన్నా అది మన పేగులకు అందనంత గట్టిగా గింజలో బిగుసుకుని ఉంటుంది. నయాసిన్ తయారు చేసుకోవడానికి మన ఒంటికి ఇంకో దారి కూడా ఉంది. పాలు, గుడ్లు, మాంసం, పప్పుల్లోని మాంసకృత్తుల్లో ట్రిప్టోఫాన్ అనే పదార్థం ఉంటుంది. దాని నుంచి ఒళ్లు నయాసిన్ చేసుకుంటుంది. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ కూడా తక్కువే.

జొన్న సంగతి మాత్రం చిక్కుముడిగా మారింది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో ఉన్నంత తక్కువగా లేదు. మరి జొన్న తినేవాళ్లకు పెల్లాగ్రా ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్న పట్టుకున్నది మన హైదరాబాద్ సంస్థే. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాద్ తార్నాకకు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది అదే. అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో తమ పరిశోధనను ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ప్రకటించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నయాసిన్‌గా మారే పనికి అడ్డుపడుతోంది అన్నది వాళ్ల వాదన. దీన్ని అందరు శాస్త్రవేత్తలూ ఒప్పుకోలేదు. బి6 విటమిన్‌కు కూడా ఇందులో పాత్ర ఉందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి.

వాదన ఎటు తేలినా మన కళ్ల ముందు ఒక నిజం నిలిచి ఉంది. జొన్న తిన్న ప్రతివాళ్లకూ ఈ జబ్బు రాలేదు. జొన్నతో పాటు పాలు, పప్పు, మాంసం తిన్న ఇళ్లలో అదే జొన్న బలమైన తిండి. వేరే ఏమీ లేక ఒట్టి గట్క తిని, ఒట్టి రొట్టె నమిలి బతికిన ఇళ్లలోనే అది రోగమైంది. తప్పు గింజది కాదు, పక్కన ఏమీ లేకపోవడానిది.

మన పళ్లెం ఎలా ఖాళీ అయింది

మన బంజారాల పూర్వీకులు ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద వేసుకుని దక్కన్ అంతా తిరిగిన వ్యాపారులు. మంద వెంట ఉన్నంత కాలం పాలు, నెయ్యి ఉండేవి. రైళ్లు, రోడ్లు వచ్చాక ఎద్దుల బిడారు వ్యాపారం పోయింది. తండాలు స్థిరపడ్డాయి, మంద తగ్గింది, కూలిపని మొదలైంది. దేశానికి ధాన్యం మోసిన జాతి తన గింజల కోసం మరొకరి చేనులో నిలబడింది.

అయినా మన తాతల నాటి మెట్టచేను ఒంటి పంట కాదు. జొన్న సాళ్ల మధ్య కందులు, పెసలు, బొబ్బర్లు, అనుములు ఉండేవి. గట్ల మీద పుంటికూర, గంగవాయిలి, తోటకూర దొరికేవి. మనం బాటి అని పిలుచుకునే జొన్న రొట్టెకు పల్లికారం తోడుండేది. పల్లీల్లో నయాసిన్ దండిగా ఉంటుంది. ఎవరూ లెక్కగట్టి పెట్టలేదు కానీ, జొన్నలో అందనిది పల్లికారం ఇచ్చింది. వేట కోసిన రోజు రక్తం కూడా వృథా చేయకుండా సళోయి చేసుకున్నాం. అంబలి రాత్రంతా పులిసేది, పొద్దున సల్ల కలుపుకుని తాగేవాళ్లం. కలిగిన రోజుల్లో అది పూర్తి భోజనం. కరువులో, పని దొరకని నెలల్లో పప్పు పోయింది, సల్ల పోయింది, పల్లీలు పోయాయి. చివరికి గట్క ఒక్కటే మిగిలింది.

పాతకాలం తిండి అంతా అమృతం అని చెప్పే వీడియోలు మీ ఫోన్లకు వస్తుంటాయి. పూర్తిగా నమ్మకండి. మన పెద్దల తిండిలో గొప్పతనం ఉంది, వాళ్ల పళ్లెంలో ఆకలి కూడా ఉంది. రెండూ చరిత్రే.

ఒట్టి గట్క నుంచి ఒట్టి అన్నం దాకా

1931 నాటికి నిజాంసాగర్ పూర్తయింది. 1963లో పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. నీళ్లు వచ్చిన మేరకు మన జిల్లాలో వరి పెరిగింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలైంది. పండుగకు మాత్రమే అన్నం చూసిన తండాలో రోజూ అన్నం ఉడికింది. ఆకలి తగ్గింది. జొన్న మీదే బతికే రోజులు పోయి, కూలి రేట్లు కొంత మెరుగుపడ్డాక పెల్లాగ్రా కూడా మెల్లగా అరుదైపోయింది. ఆ బియ్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం కూడా ఇస్తున్నారు.

కానీ గట్క స్థానంలో అన్నం వచ్చింది, పక్కన ఉన్న ఖాళీ మాత్రం చాలా ఇళ్లలో అలాగే ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో తవుడు పోతుంది, దాంతో పీచు, బి విటమిన్లు చాలావరకు పోతాయి. పళ్లెం నిండా తెల్లన్నం, మీద ఇంత పచ్చిపులుసు. ఇది కొత్తరకం ఒట్టి గట్క.

మన ఆర్మూర్‌లో ఇంకో వింత చూడండి. ఈ చుట్టుపక్కల ఎర్రజొన్న ఇప్పటికీ ఎకరాలకు ఎకరాలు పండుతుంది. అది మన ఇళ్లకు రాదు. విత్తనంగా ఉత్తరాది రాష్ట్రాలకు పోతుంది, అక్కడ పశువుల మేతగా పెరుగుతుంది. పసుపు తవ్వే కాలంలో, కొమ్ములు ఉడకబెట్టే పొయ్యిల దగ్గర మన తండాల ఆడవాళ్లు పొద్దుందాకా పనిచేస్తారు. వాళ్ల టిఫిన్ గిన్నెలో అన్నం, పచ్చడి. పక్కనే పిల్లల చేతిలో ఐదు రూపాయల కారం ప్యాకెట్. అమెరికా పత్తి చేల కథ మనకు అంత దూరమేమీ కాదు.

కడుపులో రెండో మెదడు

ఇప్పుడు శాస్త్రం ఏం చెబుతోందో చూద్దాం. మన జీర్ణనాళం గోడల్లో 10 కోట్లకు పైగా నాడీకణాలు ఉన్నాయి. అందుకే దాన్ని రెండో మెదడు అంటారు. వేగస్ అనే నాడి కడుపునూ మెదడునూ కలుపుతుంది. అందులో ఎక్కువ కబుర్లు పైనుంచి కిందికి కాదు, కిందినుంచి పైకే వెళతాయి.

మనసు నిలకడకు అవసరమైన సెరటోనిన్ అనే రసాయనం సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. అది నేరుగా మెదడులోకి పోదు, పేగుల కదలికను నడుపుతుంది. మెదడు తన సెరటోనిన్‌ను తానే చేసుకుంటుంది. దానికి కావలసిన ముడిసరుకు మనం పైన చెప్పుకున్న ట్రిప్టోఫానే. అంటే చర్మాన్ని, పేగులను కాపాడే నయాసిన్‌కూ, మనసును నడిపే సెరటోనిన్‌కూ గింజ ఒక్కటే. అది మన పళ్లెంలో పప్పు, గుడ్డు, పాలు, పల్లీల రూపంలో వచ్చి పడాలి.

పెద్దపేగులో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కూడా కాపురం ఉంటాయి. మనకు అరగని పీచు వాటి తిండి. అవి పీచును పులియబెట్టి ఇచ్చే ఆమ్లాలు పేగు గోడకు బలం. పొట్టుతో ఉన్న జొన్న, ఆకుకూర, చిక్కుడు గింజ వాటికి అన్నం పెట్టినట్టు. కారం ప్యాకెట్, రంగునీళ్ల సీసా వాటికి పస్తు పెట్టినట్టు. ఈ జీవులకూ మనసుకూ ఉన్న సంబంధం మీద ప్రపంచమంతా పరిశోధనలు సాగుతున్నాయి. ఏదో ఒక పొడి తింటే దిగులు పోతుందని అమ్మేవాళ్ల మాటకు మాత్రం డబ్బులు పెట్టకండి.

హాస్టల్‌లో మేము చూసేది

కొత్తగా చేరిన పిల్లలకు మొదటి నెలలో కడుపునొప్పి ఎక్కువ. పరీక్షల ముందు మళ్లీ వస్తుంది. ఒకప్పుడు దీన్ని దొంగ నొప్పి అనేవాళ్లు. అది దొంగ నొప్పి కాదు. ఇంటి మీద బెంగ, పరీక్ష భయం మెదడు నుంచి పేగులకు దిగి నిజంగానే నొప్పి పుట్టిస్తాయి. పొద్దున ఏమీ తినకుండా పరీక్షకు పోతే అది ఇంకా పెరుగుతుంది. అందుకే మా దగ్గర నొప్పి అన్న పిల్లను ముందు ఏం తిన్నావు అని అడుగుతాం, తర్వాత ఇంట్లో ఎలా ఉన్నారు అని అడుగుతాం. రెండో ప్రశ్నకే కన్నీళ్లు వస్తాయి చాలాసార్లు.

2024 డిసెంబర్‌లో ప్రభుత్వం హాస్టళ్ల మెస్ చార్జీలు 40 శాతం పెంచి, అన్ని చోట్లా ఒకే మెనూ తెచ్చింది. గుడ్డు, పప్పు, ఆకుకూర, పండు పళ్లెంలోకి రావడం ఒక ఎత్తు, పిల్లల నోట్లోకి పోవడం ఇంకో ఎత్తు. పుంటికూరను పక్కకు నెట్టేవాళ్లు, పప్పు వద్దని పచ్చడితో సరిపెట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇంటి నుంచి యాడి కట్టి పంపిన బాటిని స్నేహితుల ముందు విప్పడానికి సిగ్గుపడి మంచం కింద దాచే పిల్లలూ ఉంటారు. పట్నాల్లో ఇప్పుడు అదే జొన్న రొట్టెను డబ్బున్నవాళ్లు డాక్టర్ చెబితే కొనుక్కుని తింటున్నారు. సిగ్గు పడాల్సింది ఏదీ ఆ మూటలో లేదు.

ఈ తరం చేతిలో ఉన్నది

ఇప్పటికీ పెల్లాగ్రా పూర్తిగా పోలేదు. ఈ రోజుల్లో అది ఎక్కువగా కనిపించేది విపరీతంగా తాగేవాళ్లలో. తాగినవాడు తిండి మానేస్తాడు, తిన్నదాన్ని కూడా మద్యం పేగులకు సరిగా అందనివ్వదు. గుడుంబా మన తండాలను ఎన్ని విధాల తిన్నదో మీకు తెలుసు. చర్మాన్నీ, పేగునూ, మతినీ కలిపి తినడం అందులో ఒకటి. తాగే అన్నకు, బాబాయికి నీతులు చెప్పడం కన్నా ముందు పళ్లెం పెట్టండి, తర్వాత ఆసుపత్రికి నడిపించండి.

మిగతా పనులు చిన్నవే. అన్నం మానక్కర్లేదు, దాన్ని ఒంటరిగా వదలకండి. పప్పో, గుడ్డో, గుప్పెడు పల్లీలో తోడు పెట్టండి. వారానికి రెండు మూడు రోజులైనా జొన్న రొట్టె, గట్క, అంబలి ఇంట్లో ఉండేలా చూడండి. పీచు అలవాటు లేనివాళ్లు మెల్లగా పెంచుకుని, నీళ్లు బాగా తాగండి. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానకండి. పురుగులు తినగా మిగిలిందే మీకు దక్కుతుంది. మలంలో రక్తం పడినా, విరేచనాలు ఆగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా పసరు మందులతో రోజులు గడపకుండా డాక్టర్‌ను కలవండి. దిగులు వారాల తరబడి వదలకపోతే అదీ జబ్బే. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అడగరు.

ఇంకో పని మీరే చేయగలరు. మీ తండాలో డెబ్బై దాటిన అవ్వల దగ్గర కూర్చుని, వాళ్ల చిన్నప్పుడు చేనులో ఏమేం వేసేవాళ్లు, గట్టు మీద ఏ ఆకు కోసేవాళ్లు, కరువులో ఏం తిన్నారు అని అడిగి రాసుకోండి. ఆకు పేరు మన గోర్‌బోలీలో ఏమంటారో, తెలుగులో ఏమంటారో రెండూ రాయండి. కలిగిన రోజు వంట, కలగని రోజు పస్తు రెండూ రాయండి. వచ్చే సంచికకు ఆ పేర్ల జాబితా మీ నుంచి రావాలి. ఆ అవ్వలు పోతే ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు.